టీచర్ని అడగక్కర్లేని తరగతి: చిన్నపిల్లల గదిలో స్వతంత్రత ఎలా కుదురుతుంది

క్లుప్తంగా: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు తమ పనులు తాము చేసుకోవాలంటే బుజ్జి కుర్చీలు, రంగుల బొమ్మలు కొంటే సరిపోదు. పెద్దవాళ్లని అడక్కుండా పిల్లలు ఎన్ని పనులు మొదలుపెట్టి ముగించగలుగుతున్నారన్నది చూడాలి. వస్తువులు ఉన్న ఎత్తు, వాటి లెక్క, ముక్కలు చేయకుండా వదిలిన సమయం, టీచర్ ఓపిక, ఈ నాలుగింటి మీదే అది ఆధారపడుతుంది. వీటిలో చివరిదే కష్టం.

ప్రీస్కూళ్ల ప్రకటనల్లో 'పిల్లలే కేంద్రంగా' అన్న మాట లేనివి ఇప్పుడు తక్కువ. అది చదివిన తల్లిదండ్రులు రెండు రకాలుగా ఆలోచిస్తారు. పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేస్తే అక్షరాలు ఎప్పుడు వస్తాయని కొందరికి టెన్షన్. గోడల నిండా బొమ్మలు, మూలకో ఆట వస్తువు కనిపించాయి కాబట్టి ఇక్కడ అంతా బాగానే జరుగుతోందని మరికొందరికి నమ్మకం. మొదటివాళ్లకి స్వేచ్ఛ ఇవ్వడానికీ గాలికి వదిలేయడానికీ తేడా కనపడదు. రెండోవాళ్లు అలంకరణే పద్ధతి అనుకుంటారు. పిల్లలు సొంతంగా పనిచేసుకునే తరగతిలో నిజానికి ముందుగా చేసిపెట్టిన ఏర్పాటు చాలా ఎక్కువ. అది టీచర్ మాటల్లో కాక గదిలో ఉంటుంది కాబట్టి బయటివాళ్ల కంటికి ఆనదు.

తాళం వేయడం మరిచిన అలమర

1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో మరియా మాంటిస్సోరి అనే డాక్టర్ ఆధ్వర్యంలో పిల్లల కోసం ఒక కేంద్రం మొదలైంది. తల్లిదండ్రులు పనికి పోయాక మిగిలిపోయే పిల్లలు భవనాల గోడలూ మెట్లూ పాడుచేస్తున్నారని, ఆ భవనాలను నడిపే సంస్థే దాన్ని పెట్టించింది. మొదట్లో వస్తువులన్నీ తాళం వేసిన పెద్ద అలమరలో ఉండేవి. టీచరే తీసిచ్చేవారు, టీచరే సర్దేవారు. ఒకసారి తాళం వేయడం మరిచిపోయి, మర్నాడు కాస్త ఆలస్యంగా వచ్చారు. చూస్తే పిల్లలు అలమర తెరిచి, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని, అప్పటికే పనిలో ఉన్నారు. టీచర్ దాన్ని దొంగతనం అనుకున్నారు. తమకి ఏది కావాలో, దానితో ఏం చేయాలో పిల్లలకి తెలుసని మాంటిస్సోరి అనుకున్నారు. ఆ తర్వాతే పిల్లల చేతికి అందే పొట్టి అలమరలు వచ్చాయి.

చిన్నపిల్లలకి ఆటే చదువన్న ఆలోచన అంతకు ముందే ఉంది. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లోనే అలాంటి బడి మొదలుపెట్టి, తర్వాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీలోనే రెజియో ఎమిలియా పట్టణంలో లోరిస్ మలగుజ్జీ మరో దారి తీశారు. అక్కడ 1963లో పురపాలక సంఘం తన మొదటి ప్రీస్కూల్ తెరిచింది. గది కూడా పిల్లలకి నేర్పుతుందని, దాన్ని మూడో టీచర్‌గా చూడటం ఆ పద్ధతితోనే బాగా వాడుకలోకి వచ్చింది. అమెరికాలో 1960లలో రూపుదిద్దుకున్న హైస్కోప్ పద్ధతిలో పిల్లలు ముందు ఏం చేయబోతున్నారో చెప్పాలి, తర్వాత చేయాలి, ఆపైన ఏం జరిగిందో చెప్పాలి.

వీటి మధ్య తగాదాలు చిన్నవేం కాదు. మాంటిస్సోరి గదిలో ప్రతి వస్తువుకీ ఒక ప్రయోజనం, ఒక పద్ధతి ఉంటాయి. దాన్ని విమానంలా ఎగరేయడం అక్కడ కుదరదు. రెజియోలో మట్టి, వెలుతురు, తీగ ముక్కలు ఏ రూపమైనా తీసుకోవచ్చు. హైస్కోప్‌లో మాటకి పెద్ద పీట. అయినా మూడు చోట్లా ఒకటి మాత్రం మారదు: వస్తువుకీ పిల్లవాడికీ మధ్య పెద్దమనిషి అడ్డు ఉండడు.

గంటలో ఎన్నిసార్లు అడగాలి

ఇరవై మంది పిల్లలున్న గదిని తీసుకుందాం. నీళ్లు కావాలి. బాత్రూమ్‌కి వెళ్లాలి. పెన్సిల్ ముక్కు విరిగింది. బొత్తం పట్టడం లేదు. ఇది అయిపోయింది, ఇంకోటి ఇవ్వండి. ఒక్కొక్కరు గంటకి ఐదుసార్లు అడిగినా వందసార్లు అవుతుంది. టీచర్ చేతిలో ఉన్నవి అరవై నిమిషాలే. అందులో ఎవరితోనైనా కూర్చుని మాట్లాడే వీలే లేదు. ఇందులో టీచర్ తప్పేమీ లేదు, అన్ని దారులూ ఒక్క మనిషి మీదుగానే పోతున్నాయి.

పిల్లల మీద దీని ప్రభావం ఇంకో రకంగా ఉంటుంది. అడిగి, ఎదురుచూడటం అలవాటైతే తమకి చేతనైన పనికి కూడా పిల్లలు చేయి చాచి నిలబడతారు. గట్టిగా అరిచినవాళ్ల పని ముందు జరుగుతుంది. మెతక పిల్లలు అడగడమే మానేస్తారు, వాళ్లకి బుద్ధిమంతులని పేరు వస్తుంది. మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ వర్గీకరణలో మూడేళ్ల లోపు వయసు 'నేను చేయగలను' అన్న భావానికీ, తన మీద తనకే కలిగే అనుమానానికీ మధ్య పెనుగులాట. ఆ తర్వాతి రెండు మూడేళ్లు చొరవకీ, తప్పు చేశానన్న జంకుకీ మధ్య పెనుగులాట. ప్రీస్కూల్ పిల్లలు సరిగ్గా ఈ రెండింటి సరిహద్దులో ఉంటారు.

అందుకే గది అమర్చేముందు ఒక పూట ఊరికే కూర్చుని, పిల్లలు దేని దేని కోసం టీచర్ దగ్గరికి వస్తున్నారో రాసుకుంటే చాలు. మార్చాల్సిన వాటి జాబితా దానంతటదే తయారవుతుంది. కేటలాగులు చూసి మొదలుపెట్టడం కంటే ఇది చవక, పైగా నిజమైన లెక్క.

చేతికి అందే ఎత్తు, నీళ్ల ట్రే

బడి ఫర్నిచర్‌కి యూరప్‌లో వాడే ఈఎన్ 1729 ప్రమాణం ప్రకారం 93 నుంచి 116 సెంటీమీటర్ల పొడవున్న పిల్లలకి కుర్చీ కూర్చునే చోటు 26 సెంటీమీటర్ల ఎత్తులో, బల్ల 46 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పాదాలు నేలకి ఆనడం ముఖ్యం. కాళ్లు వేలాడుతుంటే పిల్లల శక్తిలో కొంత కుదురుగా కూర్చోవడానికే పోతుంది. కుర్చీ వాళ్లే మోసుకుపోగలిగేంత తేలిగ్గా ఉంటే, ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్న కూడా టీచర్ దాకా రాదు. సంచి తగిలించే కొక్కెం, కుళాయి, చెత్తబుట్ట, చీపురు, తుడిచే గుడ్డ, అన్నిటికీ ఇదే సూత్రం. చదవడం రాని వయసు కాబట్టి అరల మీద పేర్లకి బదులు ఆ వస్తువు ఫొటో అతికిస్తే తిరిగి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

దీన్ని ఒక్క పనిలో దగ్గరగా చూడొచ్చు. ఒక ట్రేలో పిల్లల గుప్పిటికి సరిపోయే చిన్న జగ్గు, రెండు గ్లాసులు, ఒక స్పాంజి. జగ్గులో నీళ్లు రెండు గ్లాసులకి సరిపడేంతే. గ్లాసుల మీద ఎక్కడిదాకా పోయాలో తెలిసేలా రంగు టేపుతో గీత. ట్రేకి అంచు ఉంది కాబట్టి ఒలికిన నీళ్లు నేల మీదికి పోవు. నాలుగేళ్ల పాప జగ్గుని రెండు చేతులతో పట్టుకుని మరీ పైనుంచి పోస్తుంది. సగం ట్రేలో పడతాయి. రెండోసారి జగ్గు మూతిని గ్లాసు అంచుకి ఆనించి పోస్తుంది. ఆ మాట ఎవరూ చెప్పలేదు, పడిన నీళ్లే చెప్పాయి. స్పాంజితో అద్ది, పక్కనున్న బకెట్‌లో పిండి, ట్రేని అరలో పెట్టేస్తుంది.

ఇప్పుడు ఆ స్పాంజి ఒక్కటి తీసేద్దాం. నీళ్లు ఒలికితే టీచర్ రావాలి. టీచర్ వస్తే 'జాగ్రత్తమ్మా' అంటారు. మరోసారి జగ్గు ముట్టుకునే ముందు ఆ పాప టీచర్ ముఖం వైపు చూస్తుంది. రూపాయి విలువ చేయని ఒక వస్తువు లేకపోవడంతో సొంతంగా చేసే పని కాస్తా అనుమతి తీసుకుని చేసే పనిగా మారిపోయింది. పని ముగించడానికి, చెడితే సరిదిద్దడానికి కావలసినవి కూడా ఆ పనితోపాటే ఉండాలి. చాలా గదుల్లో మొదలుపెట్టడానికి కావలసినవి పెడతారు, ముగించడానికి కావలసినవి మర్చిపోతారు.

తక్కువ సరుకు, ఖాళీ గోడ

వస్తువులు ఎక్కువ ఉంటే ఎంపిక ఎక్కువని అనుకోవడం సహజం. పసిపిల్లల విషయంలో లెక్క తిరగబడుతుంది. అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో 36 మంది పసివాళ్లని ఒకసారి నాలుగు బొమ్మలతో, ఒకసారి పదహారు బొమ్మలతో ఆడుకోనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. పదహారు ఉన్నప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి దూకారు. ఆ పిల్లలు రెండేళ్ల వయసు వాళ్లు, కాబట్టి ఐదేళ్ల పిల్లలకి అదే అంకె వర్తిస్తుందని చెప్పలేం. కానీ కొన్ని వస్తువులే బయట పెట్టి, మిగతావి దాచి, అప్పుడప్పుడూ మార్చే అలవాటుకి ఇది బలాన్నిస్తుంది.

గోడల సంగతి ఇంకా ఆసక్తికరం. 2014లో అన్నా ఫిషర్ బృందం 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకి బాగా అలంకరించిన గదిలో కొన్ని, ఖాళీ గోడలున్న గదిలో కొన్ని పాఠాలు చెప్పించింది. ఖాళీ గదిలో పిల్లల ధ్యాస పాఠం నుంచి తప్పిన సమయం 28.4 శాతం, అలంకరించిన గదిలో 38.6 శాతం. పాఠం తర్వాత ప్రశ్నలకి సరైన జవాబులు ఖాళీ గదిలో 55 శాతం, రెండో గదిలో 42 శాతం. చిన్న అధ్యయనమే. అయినా గోడంతా నింపేసే ముందు ఆగి ఆలోచించడానికి సరిపోతుంది. నిజం చెప్పాలంటే ప్రీస్కూల్ గోడల మీది అలంకరణలో ఎక్కువ భాగం గుమ్మంలో నిలబడే తల్లిదండ్రుల కోసమే ఉంటుంది. పిల్లల కంటి ఎత్తులో వాళ్లు గీసిన నాలుగు బొమ్మలు ఉంటే, వాటి ముందు ఆగి మాట్లాడుకుంటారు.

తప్పు ఎవరు చెప్పాలి

మాంటిస్సోరి గదిలో ఒక చెక్క దిమ్మ ఉంటుంది. దానికి పది గుంటలు, వాటిలో సరిగ్గా పట్టే పది గుండ్రటి చెక్కలు. పిల్లవాడు సన్నటి చెక్కని వెడల్పు గుంటలో పెట్టేస్తే అప్పుడేం కాదు. చివరికి ఒక లావు చెక్క మిగులుతుంది, సన్నటి గుంట ఒక్కటే ఖాళీగా ఉంటుంది. ఎక్కడో తేడా వచ్చిందని వాడికే తెలుస్తుంది. వెనక్కి వెళ్లి వెతుక్కుంటాడు.

వర్క్‌షీట్‌తో పోలిస్తే తేడా స్పష్టం. అక్కడ తప్పో ఒప్పో చెప్పేది టీచర్ ఎర్ర పెన్ను. దిద్దేదాకా పిల్లలకి తెలియదు, దిద్దాక పనికి బదులు టీచర్ మెప్పు గుర్తుంటుంది. ఖరీదైన చెక్క సామానే కావాలని కాదు. జతలు కుదరాల్సిన మూతలూ డబ్బాలూ, వెనకవైపు జవాబు బొమ్మ ఉన్న కార్డులు, ముక్కలు కలిపే పజిల్స్, అన్నీ ఇదే పని చేస్తాయి. భాష మాత్రం దీనికి లొంగదు. కథ చెప్పడం, మాటలు నేర్చుకోవడం, ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకోవడం మనుషుల మధ్యే జరగాలి. వస్తువులు మిగిల్చిన సమయాన్ని టీచర్ ఖర్చుపెట్టాల్సింది అక్కడే.

గంట కొట్టని సమయం

అరలు సర్దడం తేలిక, టైంటేబుల్ మార్చడం కష్టం. ఇరవై నిమిషాలకోసారి పని మారిపోయే గదిలో పిల్లలు ఎంపిక చేసుకున్నా ఉపయోగం తక్కువ. ఏం చేయాలో చూసుకుని, తెచ్చుకుని, పరుచుకునేసరికి సర్దేయమంటారు. రెండు మూడుసార్లు అలా జరిగాక పెద్ద పని ఎత్తుకోవడం మానేసి, చిటికెలో అయిపోయేవే తీసుకుంటారు. సంప్రదాయ మాంటిస్సోరి బడుల్లో ఉదయం మూడు గంటలు ఏకబిగిన వదులుతారు. అంతసేపు అన్ని చోట్లా కుదరదు. గంటన్నర దొరికినా తేడా కనిపిస్తుంది.

మధ్యలో పిల్లలు ఖాళీగా తిరగడం పెద్దవాళ్లని కంగారు పెడుతుంది. ఒక పని ముగిశాక కాసేపు పక్కవాళ్ల పని చూస్తూ నిలబడి, తర్వాత కష్టమైన పనికి దిగే పిల్లలు చాలామంది ఉంటారు. ఆ సంధి సమయంలో అందర్నీ పిలిచి పాట పాడిస్తే గది సద్దుమణుగుతుంది, రెండో పని మాత్రం మొదలవదు.

టీచర్ చేతులు

ఒక పిల్లవాడు జిప్పు పెట్టుకోలేక అవస్థ పడుతున్నాడు. టీచర్ పెట్టేస్తే ఐదు సెకన్లు. వాడు పెట్టుకుంటే రెండు నిమిషాలు. ఇరవై మంది జిప్పులు లెక్క వేస్తే టీచర్ తొందర ఎందుకో అర్థమవుతుంది. మధ్యదారి ఏమిటంటే, కింది కొనని గాడిలో కూర్చోబెట్టి, పైకి లాగడం వాడికి వదిలేయడం. కొన్ని రోజులకి కొన కూర్చోబెట్టేటప్పుడు చేయి ఆనించి ఉంచడం, తర్వాత అదీ తీసేయడం. మనస్తత్వవేత్తలు డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో వివరించింది ఇదే: పిల్లలకి అందని మెట్టు వరకే సాయం, అందిన మెట్టు దగ్గర తప్పుకోవడం.

ఎంత చూపించాలన్నదీ చిక్కు ప్రశ్నే. ఎలిజబెత్ బోనవిట్జ్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగంలో ప్రీస్కూల్ పిల్లలకి నాలుగు తమాషాలున్న ఒక కొత్త బొమ్మ ఇచ్చారు. 'ఇది ఇలా పనిచేస్తుంది' అని ఒక తమాషా చేసి చూపించినప్పుడు పిల్లలు ఎక్కువగా దాన్నే మళ్లీ మళ్లీ చేశారు. చూపించని పిల్లలు, చేయి తగిలి అనుకోకుండా జరిగినట్టు చూసిన పిల్లలు మిగతా తమాషాలు కూడా కనిపెట్టారు. అంటే చూపించడానికి లాభం ఉంది, ఖరీదూ ఉంది. కత్తెర పట్టుకోవడం, చేతులు కడుక్కోవడం లాంటి పనులు స్పష్టంగా చూపించాలి. బ్లాకులు, మట్టి, ఇసుక దగ్గర చూపించకపోవడమే మేలు.

బహుమతుల గురించి తెలిసింది పాత విషయమే. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే పరిశోధకులు రంగులతో బొమ్మలు వేయడం ఇష్టమైన ప్రీస్కూల్ పిల్లల్ని తీసుకుని, కొందరికి బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఖాళీ సమయంలో వాళ్లు బొమ్మలు వేయడం, బహుమతి ఆశ చూపని పిల్లలతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. చెప్పకుండా హఠాత్తుగా బహుమతి అందుకున్న పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. చేతి మీద నక్షత్రం స్టాంపు వేయించుకోవడం కోసం పని చేసే అలవాటు, అలమరలు ఎంత పొట్టిగా ఉన్నా, పిల్లల్ని మళ్లీ టీచర్ చుట్టూ తిప్పుతుంది.

స్వేచ్ఛకి గట్లు

ఇలాంటి గదిలో నియమాలు తక్కువే, కానీ కదలవు. ఇంకొకరి పని ముట్టుకోకూడదు. తీసింది తీసిన చోట పెట్టాలి. ఎవరికీ దెబ్బ తగలకూడదు. ఒక్కో వస్తువు ఒక్కటే ఉంచడం కూడా నియమం లాంటిదే. కావాలంటే అవతలివాళ్లు ముగించేదాకా ఆగాలి, ఆ ఆగడం రోజూ జరుగుతుంది.

అందరికీ ఒకే కొలత పనికిరాదు. కొత్తగా చేరిన మూడేళ్ల పిల్లవాడి ముందు ముప్పై వస్తువులు పెట్టి ఎంచుకోమంటే బిక్కమొహం వేస్తాడు. రెండింటిలో ఒకటి అంటే తేలుస్తాడు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లలకి అలమరల మధ్య దారి, బల్ల కింద మోకాళ్లకి చోటు లేకపోతే అందే ఎత్తు అన్న మాటకి అర్థమే లేదు. మాట ఇంకా రాని పిల్లలకి బొమ్మల కార్డులతో రోజు వరుస గోడ మీద పెడితే, తర్వాత ఏమిటని అడగాల్సిన అవసరం తప్పుతుంది. అది మిగతా పిల్లలకీ పనికొస్తుంది.

ఫలితాల గురించి ఏం చెప్పొచ్చు

ఈ పద్ధతుల్ని కొలవడంలో ప్రధానమైన చిక్కు, వాటిని ఎంచుకునే కుటుంబాలే వేరుగా ఉండటం. లాటరీతో సీట్లు ఇచ్చే ప్రభుత్వ బడులు ఆ చిక్కుని కొంత తప్పిస్తాయి. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో అలాంటి మాంటిస్సోరి బడుల్లో సీటు వచ్చినవాళ్లు, రానివాళ్లు కలిపి 141 మంది పిల్లల్ని మూడేళ్లపాటు గమనించిన ఏంజెలిన్ లిలార్డ్ బృందం 2017లో ఫలితాలు ప్రచురించింది. మాంటిస్సోరి పిల్లలు చదువులోనూ, ఎదుటివాళ్ల ఆలోచన అర్థం చేసుకోవడంలోనూ ముందున్నారు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకీ మిగతావాళ్లకీ మధ్య చదువులో అంతరం తగ్గింది. అక్షరాలు వెనకబడతాయన్న భయానికి ఇక్కడ ఆధారం దొరకలేదు.

దీనికి ముందు, 2012లో, లిలార్డే చేసిన మరో పోలిక బడులు నడిపేవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది. అసలు సామగ్రికే కట్టుబడిన మాంటిస్సోరి గదులు, వాటికి వర్క్‌షీట్లూ మామూలు బొమ్మలూ కలిపిన గదులు, మామూలు ప్రీస్కూళ్లు, ఈ మూడింటిలో ఏడాది పొడవునా పిల్లల ఎదుగుదల మొదటి రకంలోనే ఎక్కువగా కనిపించింది. ఇక్కడ లాటరీ లేదు కాబట్టి కారణం ఇదేనని తేల్చలేం. అయినా రెండు పద్ధతులూ కలిపేస్తే రెండింటి లాభమూ వస్తుందన్న ధీమాని ఇది ప్రశ్నిస్తుంది. అర నిండా వస్తువులున్నా వర్క్‌షీట్ పూర్తిచేశాకే వాటి దగ్గరికి వెళ్లాలంటే, ఏది అసలు పనో పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఎక్కడ దెబ్బతింటుంది

మొదటి వారాలు గందరగోళమే. ఒలకడం, అరల కోసం తోసుకోవడం, సగంలో వదిలేయడం ఎక్కువగా ఉంటాయి. కొద్ది వస్తువులతో మొదలుపెట్టి, ఒక్కొక్కటి తీయడం, వాడటం, తిరిగి పెట్టడం నేర్పాక ఇంకోటి కలిపే గదుల్లో ఈ దశ త్వరగా దాటుతుంది. అన్నీ మొదటిరోజే బయటపెట్టిన చోట టీచర్లు విసిగిపోయి, అలమరలకి మళ్లీ తెర వేస్తారు.

రెండో దెబ్బ కొలమానాల నుంచి వస్తుంది. ఇంటికి తీసుకెళ్లడానికి రోజుకో కాగితం అడిగే తల్లిదండ్రులకి, పొద్దంతా నీళ్లు పోసిన పిల్లవాడి చేతిలో ఏమీ కనపడదు. ఏ పిల్లవాడు ఏ పని ఎంతసేపు చేశాడో, ఎక్కడ సాయం అడిగాడో టీచర్ రెండు వాక్యాలు రాసి ఉంచితే మాట్లాడటానికి ఆధారం దొరుకుతుంది. ఫొటోలు పెట్టే బడులూ ఉన్నాయి, కానీ ఫొటో కోసం పనిని ఆపించడం మొదలైతే వ్యవహారం మొదటికే వస్తుంది.

మూడోది తరచూ లెక్కలోకి రానిది, గదిలోని రెండో మనిషి. టీచర్‌కి శిక్షణ ఉంటుంది, సహాయకురాలికి సాధారణంగా ఉండదు. ఒకరు జిప్పు దగ్గర ఓపిగ్గా ఆగితే, ఇంకొకరు ప్రేమగా వచ్చి లాగేస్తారు. పిల్లలు వారం తిరక్కుండానే ఎవరి దగ్గరికి వెళ్లాలో కనిపెట్టేస్తారు. అందుకే శిక్షణ ఇస్తే ఇద్దరికీ కలిపి ఇవ్వాలి, అదీ ఏ పనికి ఎంతవరకు చేయి వేయాలో ఒక్కొక్కటిగా మాట్లాడుకుని.